కాటుక ఒప్పుకున్న అత్తరు

ఇలా దగ్గరికి రావే చిన్నీ. ఇంకా దగ్గరికి. ఏమిటే నీ మీద ఆ వాసన? మల్లెపువ్వా? మల్లెపువ్వైతే నాకు తెలీదూ. ఇది మల్లెపువ్వు వేషం కట్టిన ఇంకేదో. ఆ డబ్బా ఎవరిచ్చారు? నీ స్నేహితురాలా? ఊరికే ఇచ్చిందా? ఊరికే ఇచ్చేవాళ్ళని నేను ముందు అనుమానిస్తాను, ఆ తర్వాతే పలకరిస్తాను. సరే, దుప్పటి కప్పుకో. నీకు అత్తరు కావాలంటే నేనే కొనిపెడతాను. ముందు ఈ కథ విను.

అనగనగా కాలవకి ఇటు సగం, అటు సగం పరుచుకున్న ఒక ఊళ్ళో వరాలు అని ఒక పిల్ల ఉండేది. పదిహేడేళ్ళది. ఆ పిల్లకి ఒక గేదె ఉండేది. దాని పేరు కాటుక.

కాటుకది మహా అనుమానపు బుర్ర. కొత్త బకెట్టు పెడితే వాసన చూసి పక్కకి జరిగేది. కొత్త తవుడు కలిపితే మూతి తిప్పుకునేది. వరాలు వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ పాలు తియ్యబోతే కాలు విసిరింది. వాళ్ళ నాన్న వెంకన్న పొదుగు దగ్గర కూర్చుంటే తోకతో ముఖం మీద కొట్టి లేపేసింది. వరాలు చెయ్యి తగిలితేనే చేపేది.

చేపడమంటే తెలుసా నీకు? నీకెక్కడ తెలుస్తుందిలే, నీకు పాలు ప్యాకెట్లో పుడతాయి. గేదె మనసొప్పి పాలు కిందికి వదలడాన్ని చేపడమంటారు. నువ్వు ఎంత పిండినా లాభం లేదు. అది ఇస్తేనే వస్తాయి. ఆ ఇంటికి పాడి అదొక్కటే. వరాలుకి తోబుట్టువులు లేరు. ఆ పిల్ల కష్టమూ సుఖమూ చెప్పుకునేదీ కాటుకతోనే.

అలా ఉండగా వరాలు టౌనుకి కుట్టు నేర్చుకోడానికి వెళ్ళింది. అక్కడ భ్రమరాంబ అని ఒకత్తె. చదువుకున్న ముక్కు దానిది. మొదటిరోజే పైట కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, “వరాలూ, నువ్వు గుమ్మం దగ్గర మిషను తీసుకోవే. ఇక్కడ కూర్చుంటే మేం కుట్టే జాకెట్లు కూడా మేత అడుగుతాయి” అంది. అందరూ నవ్వారు. వరాలు కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుపొస్తుంది కదా మరి.

అప్పుడు వరాలు అత్తరు కొనాలనుకుంది. పుట్టి బుద్ధెరిగాక అత్తరు కొన్న పిల్ల కాదు. టౌన్లో బస్సులు ఆగే చోటుకి వెనక సందులో ఖాదరు సాయిబు కొట్టుంటే అక్కడికి వెళ్ళింది. కొట్టంటే టేకుచెక్క పెట్టె ఒకటి, దాన్నిండా వేలెడంత సీసాలు, వెనకాల తెల్లగడ్డం సాయిబు.

సాయిబు సీసా ఒక్కటీ తియ్యలేదు. ముందు ప్రశ్నలు మొదలెట్టాడు. రోజంతా ఎక్కడుంటావమ్మా అన్నాడు. దేనితో ఒళ్ళు రుద్దుకుంటావన్నాడు. తలకి ఏ నూనె రాస్తావన్నాడు. ఈయన అత్తరు అమ్ముతున్నాడా, పెళ్ళిసంబంధం చూస్తున్నాడా అని వరాలుకి అనుమానమొచ్చింది.

ఆ తర్వాత మూడంటే మూడే సీసాలు తీశాడు. పుల్లకి చుట్టిన దూదితో ఒకటి కుడి మణికట్టు మీద, ఒకటి ఎడమ మణికట్టు మీద, ఒకటి మోచేతి మడతలో అద్దాడు. నాలుగోది అడిగితే ఇవ్వలేదు. మూడు దాటితే ముక్కు అబద్ధాలాడుతుందన్నాడు. ఇప్పుడు కొనొద్దు, ఇంటికెళ్ళి పని చేసుకో, చెమట పట్టనీ, రేపొచ్చి ఏది మిగిలిందో చెప్పు అన్నాడు.

“మొదటి వాసన పెళ్ళికొచ్చిన చుట్టంలాంటిదమ్మా. వచ్చినప్పుడు అందరికీ బాగుంటుంది. పొద్దుపోయేదాకా ఉండి, గిన్నెలు కడిగి వెళ్ళేదే నీ మనిషి.”

వరాలు పైకి తలూపింది. లోపల మాత్రం నమ్మలేదు. కొట్టు తెరుచుకుని కూర్చుని సరుకు అమ్మనంటాడేమిటి? అమ్మడం ఇష్టంలేని కొట్టువాడు సన్యాసైనా అయ్యుండాలి, దొంగైనా అయ్యుండాలి. సన్యాసి కొట్టెందుకు పెడతాడు? ఒంటికి ఏదో పూసి పంపించాడు, రేపు మళ్ళీ తనంతట తనే వెళ్ళేలా చేశాడు. ఇలా అనుకుని దారిలో కాలవలోకి దిగి, బూడిదతో మూడు చోట్లా చర్మం ఎర్రబడేలా తోమేసుకుంది.

ఆ తర్వాత శనివారం సంతకి వెళ్ళింది. అక్కడ ఒకడు బల్ల మీద నిలబడి, బంగారు మూత సీసా పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళ మీదంతా జల్లుతున్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. కావాలా అన్నాడు, తీసుకో అన్నాడు. వీడు మర్యాదస్తుడు అనుకుని ఒక సీసా కొనేసింది వరాలు. చూశావా చిన్నీ, అనుమానించాల్సినవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల అనుమానం ఎక్కడో తప్పిపోయింది. మనలో చాలామందికి అంతే.

ఆదివారం తెల్లవారి వరాలు తలకీ, జబ్బలకీ, చేతులకీ సీసా కొట్టుకుని పాకలోకి వెళ్ళింది. కాటుక ముక్కుపుటాలు పెద్దవి చేసింది. కళ్ళు తెల్లగా తిప్పింది. దూడ మూతి పెడితే చేపింది గానీ, వరాలు చెయ్యి పడగానే పాలన్నీ పైకి లాగేసుకుంది. తప్పేలా అడుగు కూడా తడవలేదు.

అప్పుడు అచ్చియ్యమ్మ పక్కింటి వాళ్ళని అనుమానించింది. నిన్న దడి మీంచి గేదె పొదుగు వంకే చూశారంది. ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు. కాటుక కూడా దగ్గింది. పాలు మాత్రం రాలేదు.

సోమవారం వెంకన్న దూడని అనుమానించాడు. రాత్రిళ్ళు పలుపు తెంపుకుని తాగేస్తోందన్నాడు. దాన్ని తీసుకెళ్ళి ఇంటి వెనక చింతమానుకి కట్టాడు. అది రాత్రంతా అరిచింది. పాలు మాత్రం రాలేదు.

మంగళవారం వరాలు ఖాదరు సాయిబుని అనుమానించింది. బూడిదతో తోమినా పోని మందేదో పూసి ఉంటాడనుకుంది.

అలా అందరూ అందర్నీ అనుమానించారు. అసలు మనిషిని అనుమానించింది గేదె ఒక్కటే.

ఆ సాయంత్రం వెంకన్న అరుగు మీద కూర్చుని, భార్యతో మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నా వరాలుకి వినబడింది. శుక్రవారందాకా చూస్తాను, చేపకపోతే శనివారం సంతకి తోలేస్తానన్నాడు. వట్టిపోయిన గేదెని సంతలో ఎవరు కొంటారో, కొని ఎక్కడికి తోలుకెళ్తారో వరాలుకి తెలుసు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

బుధవారం టౌనుకి వెళ్ళి, కుట్టు సంగతి పక్కనపెట్టి, నేరుగా సాయిబు ముందు నిలబడింది.

“ఏం సాయిబూ, నా ఒంటికి ఏం పూశావు? నా గేదె నన్ను ముట్టుకోనివ్వట్లేదు.”

సాయిబు కోపం తెచ్చుకోలేదు. ముందు మూడుసార్లు తుమ్మాడు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని ఒకే ఒక్క మాట అడిగాడు.

“నీ గేదె నిన్ను కళ్ళతో గుర్తుపడుతుందా తల్లీ, ముక్కుతోనా?”

వరాలు తన జబ్బ తనే వాసన చూసుకుంది. అప్పుడు తెలిసింది. నాలుగు రోజులుగా తెల్లవారుజామున సంత వాసన వేసుకుని కాటుక పాకలోకి ఎవరో కొత్త ఆడమనిషి వచ్చి పొదుగు మీద చెయ్యి వేస్తోంది. అది తన్నకపోవడమే దాని మంచితనం.

సాయిబు ఈసారీ సీసా అమ్మలేదు. ఆవేళ పూసిన మూడు అత్తర్లనే మూడు దూది ఉండల్లో అద్ది, మూడు కాగితాల్లో చుట్టి ఇచ్చాడు. ముందు ఆ సంత వాసన వదిలించుకోమన్నాడు. వరాలు గురువారమంతా అదే పని పెట్టుకుంది. కుంకుడుకాయతో రెండుసార్లు తలంటుకుంది. శనగపిండితో ఒళ్ళు రుద్దుకుంది. పాత పరికిణీ ఉతికి ఎండేసింది. బంగారు మూత సీసా తీసుకెళ్ళి ఊరి చివర గోతిలో వంపేసింది. ఆ గోతి దగ్గర వారంరోజులు కుక్క కూడా ఆగలేదట.

శుక్రవారం పొద్దున కూడా జడలో ఆ వాసన కాస్త మిగలడంతో కాటుక చేపలేదు. సాయంత్రమైంది. అదే ఆఖరి పూట. వెంకన్న తెల్లారి తోలుకెళ్ళడానికి కొత్త పలుపు తీసి గుమ్మానికి తగిలించాడు.

వరాలు పాత పరికిణీ కట్టుకుని పాకలోకి వెళ్ళింది. దూదితో చెయ్యి మీద అద్దుకోబోయి ఆగింది. తన ముక్కు ఒకసారి తనని మోసం చేసింది. భ్రమరాంబ ముక్కుని నమ్మేదేముంది. సాయిబు ముక్కు సంగతి ఇంకా తేలలేదు. ఆ ఊళ్ళో ఇంతవరకూ తప్పు చెయ్యని ముక్కు ఒక్కటే ఉంది. అది ఎదురుగా నెమరు వేస్తోంది.

అప్పుడు మొదటి కాగితం విప్పి కాటుక ముందు పెట్టింది. అది మొగలి. కాటుక రాట చుట్టూ సగం తిరిగి వెనక్కి పోయింది.

ఆ తర్వాత రెండోది విప్పింది. అది మల్లె. కాటుక ఫుర్రుమని చీదింది. వరాలు ముఖమంతా తడిసింది.

ఆ తర్వాత మూడోది విప్పింది. అది వట్టివేరు. కాటుక మెడ చాచింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. రోజూ మధ్యాహ్నం అది పొర్లే కాలవగట్టు నిండా వట్టివేరు దుబ్బులే కదా. ఎండకి కాగి, నీళ్ళకి తడిసిన మట్టివాసన అది. కాటుక తన గరుకు నాలుక చాచి, దూదితో సహా వరాలు మణికట్టు నాకింది.

వరాలు అక్కడే ఆ దూది చేతికి ఒక్కసారి అద్దుకుని, పొదుగు దగ్గర గొంతుక్కూర్చుంది. పొదుగు మీద చెయ్యి వేసింది. కాసేపు ఏమీ లేదు. గుమ్మంలో అమ్మా నాన్నా నిలబడి చూశారు. అప్పుడు తప్పేలా అడుగున సుయ్యిమని ఒక ధార పడింది. ఆ వెనకే ఇంకోటి పడింది. ఆ తర్వాత నురగ పైకొచ్చింది.

వెంకన్న గుమ్మానికి తగిలించిన పలుపు తీసి లోపల పెట్టేశాడు.

సోమవారం వరాలు సాయిబు దగ్గర వట్టివేరు కొని అద్దుకుని కుట్టుకి వెళ్తే, భ్రమరాంబ తన మిషను వదిలిపెట్టి వరాలు పక్కకి వచ్చి కూర్చుంది. అదేం అత్తరో చెప్పవే, నేనూ కొనుక్కుంటానంది. వరాలు సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండా జవాబిచ్చింది.

“చెప్పినా నీకు పనికిరాదే. నీకేది నప్పుతుందో చెప్పడానికి నీకు గేదె లేదుగా.”

అదీ కథ. అందుకని రేపు ఆ డబ్బా తిరిగిచ్చెయ్యి. ఆదివారం నిన్ను కొట్టుకి తీసుకెళ్తాను. మూడే చూస్తావు, ఇంటికొచ్చి ఆడుకుంటావు, సాయంత్రానికి ఏది నీతో ఉంటే అది నీది. గేదె లేదంటావా? గేదె లేకపోతే నేనున్నానుగా. నా ముక్కు దానికేం తీసిపోదు.

ఏమిటే, నా చెయ్యెందుకు లాక్కుంటున్నావు? మణికట్టు వాసన చూస్తావేమిటి? వట్టివేరైతే ఏమిటట? ఆ వరాలు ఎవరైతే నీకెందుకు? ఇంత చిన్నపిల్లకి అంత అనుమానమా. ఇది ఎవరి పోలికో ఏమో. వదులు చెయ్యి, కళ్ళు మూసుకో.

సీసా పోయె గోతికి,
పలుపు పోయె మూలకి,
కాటుక పోయె పాకకి,
కథ పోయె కంచికి,
మనమిద్దరం నిద్దరకి.