కొన్న దండ

పాటలు కట్టే ముసలి మెలాంథోస్ సూటిగా అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. అడిగినవాడు విసుగెత్తి లేచిపోయేదాకా ఆలివ్ పళ్లు తింటూ గింజలు ఊస్తూ కూర్చునేవాడు. లేవకుండా కూర్చున్నవాడికి మాత్రం ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పేవాడు.

ఆ ఏడు వసంతోత్సవానికి పాట కట్టే పని ఆయన శిష్యుడు ఎరాటోన్‌కు అప్పగించారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ గ్రీకు ఊళ్లో పెర్సెఫొనీ కథ తెలియనివాళ్లు లేరు. పచ్చికలో పూలు కోసుకుంటున్న పిల్లను పాతాళపు రాజు రథమెక్కించుకుని ఎత్తుకుపోయాడు. తల్లి దిమీటర్ పైరూ పచ్చా అన్నీ ఎండిపోయేలా చేసి ఏడిస్తే, చివరికి ఆ రాజు ఏడాదికోసారి పుట్టింటికి పంపడానికి ఒప్పుకున్నాడు. ఆమె వచ్చినప్పుడే వసంతం, అప్పుడే పూలు. ఎరాటోన్ ఆఖరి చరణాన్ని సంబరంగా ముగించాడు గాని, ఒక్క విషయం అతనికి మింగుడుపడలేదు.

"గురువుగారూ, అమ్మవారు ఏటా తిరిగి వస్తూనే ఉంది కదా. చేతినిండా పూలు కూడా ఉన్నాయి. మరి గుళ్లో ఆమె విగ్రహం మొహాన నవ్వెందుకు లేదు?"

అందుకు మెలాంథోస్ చెప్పిన సంగతి ఇది.

ఆ ఊళ్లోనే మిక్కా అనే నేతగత్తె ఉండేది. ఆమె కూతురు ఫిలిన్నాను కూడా పూలు కోస్తుండగానే ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోయింది పాతాళపు రాజేమీ కాదు, పొరుగూళ్లో గుర్రాలు పెంచే ఆసామి. పెద్దలు కూర్చుని, మాట్లాడి, తల్లి నోరు మూయించి, దానికి పెళ్లి అని పేరు పెట్టారు. దేవుడు చేసిన పనే కదా చేశాడని ఒక పెద్దమనిషి నవ్వాడు కూడా. సిగ్గులేని జన్మలు! ఏటా ఉత్సవానికి పిల్లను పంపుతానని ఆసామి మాటిచ్చాడు. ఊరేగింపులో తలెత్తుకుని నడిచి రావాలి, తన ఇంటికి మాట వస్తే మాత్రం మళ్లీ గడప దాటనివ్వనన్నాడు.

ఆ ఊరేగింపుకు ఒక ఆచారం ఉంది. ప్రతి ఆడదీ తన చేత్తో కోసిన పూలదండే తలకు చుట్టుకోవాలి. అంగట్లో కొన్న దండ పెట్టుకుంటే అంతకు మించిన తలవంపు లేదు. ఆ పొద్దున ఆడవాళ్లంతా పచ్చికబయలుకు వెళ్లారు. ఫిలిన్నా గట్టు మీదే నిలబడిపోయింది. ఎంత పిలిచినా దిగలేదు. "గుర్రాలవారి ఇల్లాలు గదా, నడుం వంగుతుందా!" అని ఒకతె అంటే మిగతావాళ్లు పకపకా నవ్వారు. మిక్కాకు తల కొట్టేసినట్టయింది.

గుడి వాకిలికి చేరేసరికి ఫిలిన్నా తలమీద దండ ఉంది. అయితే గడ్డిపోచతో కట్టాల్సింది ఎర్రదారంతో కట్టి ఉంది. అంగడి దండ అని ఎవరికైనా తెలుస్తుంది. దండలు చూసి లోపలికి పంపేవాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

మిక్కా అందరి ముందూ కూతురి భుజం పట్టి కుదిపింది. "నాలుగు పువ్వులు కోస్తే నీ సొమ్మేం పోయేదే? ఏడాదికోసారి నిన్ను చూసుకునే భాగ్యం కూడా లేకుండా చేశావు గదే!"

ఫిలిన్నా గొంతు పెంచలేదు.

"వంగితే వెనకనుంచి ఎవరొస్తున్నదీ కనపడదమ్మా," అంది.

మిక్కా తన తలమీది దండ తీసి కూతురి తలకు చుట్టింది. వాకిట్లో ఉన్నవాడు అదీ చూశాడు. "ఆమె చేత్తో కోసింది కాదు గదా," అని చెయ్యి తియ్యలేదు. ఊరేగింపు కదిలిపోయింది. తల్లీకూతుళ్లు బయటే ఉండిపోయారు. మరుసటి ఏడు పూలు విరగబూశాయి. ఫిలిన్నాను పంపలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ పంపలేదు.

"ఆ వాకిట్లో చెయ్యి అడ్డం పెట్టినవాడెవడో కసాయివాడు!" అన్నాడు ఎరాటోన్ ఉండబట్టలేక.

"కసాయేం కాదు. అప్పటికి వాడికి నీ వయసే," అన్నాడు మెలాంథోస్, తన కుడిచెయ్యి వంక చూసుకుంటూ. ఆ తర్వాత పాట రాసిన పలకను శిష్యుడి ముందుకు తోశాడు.

"తిరిగి వచ్చింది అని రాశావు. వంగి పువ్వు కోసిందేమో కనుక్కుని, అప్పుడు రాయి."