నరసక్క రెండో ఆట

అనగనగా కుందవరమనే రాజ్యం. రాజ్యమన్నాక రాజుంటాడు, రాజన్నాక కోరికలుంటాయి. అయినా మన కథ రాజుది కాదు పిల్లలూ, తెర వెనక కూర్చునే భీమోజిది.

భీమోజి తోలుబొమ్మలాటవాడు. అతను బొమ్మలాడిస్తుంటే భార్య తుకాబాయి పక్కన కూర్చుని పాడేది. తక్కిన వాళ్ళంతా రామకథో భారతకథో ఆడేవారు. భీమోజి మాత్రం సొంతంగా ఒక కథ కట్టాడు. పడవ నడిపే నరసక్క కథ అది. ఏరు పొంగిన రోజున ఆమె ఊరి పిల్లలందరినీ గట్టు చేరుస్తుంది. చివరికి అవతలి ఒడ్డున మిగిలిపోయిన ఒక ముసలమ్మ కోసం మళ్ళీ పడవెక్కి చీకట్లోకి వెళ్ళిపోతుంది. అక్కడ భీమోజి దీపం ఆర్పేసేవాడు. అంతే, ఆట అయిపోయేది.

జనం కాసేపు కదిలేవారు కారు. తరవాత ముక్కులు చీదేవారు. ఆ తరవాత చేతులు కందిపోయేలా చప్పట్లు కొట్టేవారు.

పేరొచ్చాక లోకం ఊరుకుంటుందా? మొదట పిల్లలు వెంటపడ్డారు.

"తాతా, నరసక్క తిరిగొచ్చిందా?"

"మీరేమనుకుంటే అదే" అని నవ్వాడు భీమోజి.

తరవాత సంత పెద్ద రత్నశెట్టి వచ్చాడు. "రెండో ఆట కట్టవయ్యా, తిరునాళ్ళంత జనం విరగబడతారు" అన్నాడు.

"కథ అయిపోయింది శెట్టిగారూ" అన్నాడు భీమోజి.

చివరికి రాజే పిలిపించాడు. "దసరాకు రెండో ఆట కావాలి. నరసక్క తిరిగి రావాలి, మంత్రి కావాలి, రాక్షసుణ్ణి చంపాలి. ఆడావంటే నీకు పెంకులు కప్పిన ఆటశాల, దాని పక్కనే ఇల్లు కట్టిస్తాను."

ఈసారి భీమోజి నోట కాదన్న మాట రాలేదు. ఎలా వస్తుంది? ఎడ్లబండి కట్టుకుని ఊరూరా తిరిగి తుకాబాయి మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక్కచోట కుదురుగా పొయ్యి వెలిగించుకోవాలని ఆమెకెంత ఆశో అతనికి తెలుసు. పాపం, అతన్ని తప్పుపట్టడానికి ఎవరికి మనసొస్తుంది?

కొత్త బొమ్మకు కొత్త తోలు కావాలి. తోలు నానాలి, గీకాలి, ఎండాలి. బయటేమో ముసురు, ఎండ జాడే లేదు. దసరా చూస్తే దగ్గర పడింది. భీమోజి ఉలి తీసుకుని పాత నరసక్క ముందు కూర్చున్నాడు.

"ఏమయ్యా, దాన్ని ముట్టుకోకు" అంది తుకాబాయి. "తోలుకు చిల్లు పడితే మళ్ళీ పూడుతుందా?"

"చిన్న చిన్న మార్పులేలేవే" అన్నాడు.

ముందు దీపం వెలుగుకు కిరీటంలా మెరవాలని కొప్పులో చిల్లులు పొడిచాడు. తరవాత నగల కోసం మెడ నిండా పొడిచాడు. ఆఖరికి బొమ్మ చేతిలోని తెడ్డును చెక్కి కత్తి చేశాడు.

దసరా వచ్చింది. నరసక్క తెర మీదికి రాగానే ఈలలు మోగాయి. ఆమె మంత్రి అయ్యేసరికి జనం తాంబూలాలు విప్పారు. రాక్షసుడు చచ్చేసరికి ఆవలింతలు మొదలయ్యాయి. రాజుకే విసుగొచ్చింది.

"చాలు భీమోజీ, ఆ పాత ఆటే ఆడు" అన్నాడు.

తెర వెనక భీమోజి చేతిలోని బొమ్మ వంక చూశాడు. పాత నరసక్క ఎక్కడుంది? చేసేది లేక అదే బొమ్మను ఎత్తాడు. ఏరు పొంగింది. నరసక్క కత్తితో పడవ నడిపింది. ఆమె చీకట్లోకి వెళ్తుంటే కొప్పులోనూ మెడలోనూ చిల్లులు మిలమిలా మెరిశాయి.

ముందు వరసలో ఒక పిల్ల బావురుమంది. "ఈమె మా నరసక్క కాదు!"

తుకాబాయి పాట ఆపేసింది.

"ఎవరు పాడుచేశారు దాన్ని?" రాజు లేచి గద్దించాడు.

ఆట నడుమ బొమ్మలాడించేవాడు తెర ముందుకు రాకూడదు, అది వాళ్ళ ఆచారం. అయినా భీమోజి వచ్చాడు. చేతులు జోడించాడు.

"నేనే ప్రభూ. తమరడిగిన నాడే కథ అయిపోయిందని చెప్పాల్సింది. నా దగ్గర చెప్పడానికేమీ మిగల్లేదు. ఇంటి మీది ఆశతో ఉన్న కథను నా చేతులతో నేనే కోసుకున్నాను" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

రాజు మళ్ళీ కూర్చున్నాడు. "ఉలి నీదే గాని, పట్టించింది నేను" అన్నాడు మెల్లగా. "నీకు ఆటశాల కట్టిస్తాను, ఇల్లూ కట్టిస్తాను. అందులో ఏ కథ ఆడతావో నేనడగను."

ఇక ఆటకు పనికిరాని బొమ్మను ఏట్లో వదలడం కూడా వాళ్ళ ఆచారమే. మర్నాడు పసుపూ కుంకుమా పెట్టి నరసక్కను నీళ్ళలో వదిలారు. ఊరంతా తరలి వచ్చింది. తుకాబాయి పాడింది. భీమోజి కన్నకూతుర్ని సాగనంపినట్టు ఏడ్చాడు.

ముసురు విడిచి ఎండ కాశాక తుకాబాయి కొత్త తోలు నానబెట్టింది.

"ఇది ఎవరి బొమ్మయ్యా?" అనడిగింది.

"ఇంకా నాకే తెలియదే. నరసక్క మాత్రం కాదు" అన్నాడు భీమోజి. చాలా రోజులకు అతని మొహాన నవ్వు కనిపించింది.

అందుకే పిల్లలూ, చెప్పడానికి కథ మిగిలితే మళ్ళీ చెప్పండి, చప్పట్ల మీదో బహుమానం మీదో ఆశ మాత్రమే మిగిలితే అక్కడితో ఆపండి.