భట్టుగారు గెలిచిన దావా

ఒకనాడు పొద్దున్నే నల్లమడుగు రాజు విజయగోపాల భూపతికి చిత్రమైన కోరిక పుట్టింది. ఖాళీగా ఉన్న న్యాయాధికారి పీఠం మీద వకీలు తిప్పన్నను కూర్చోబెట్టాలని.

కారణం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. కోటగోడకు అడ్డమని రాజుగారు ఒక కుమ్మరి కుండలు కాల్చుకునే ఆవాన్ని పడగొట్టించబోతే, తిప్పన్న ఆ కుమ్మరి తరఫున వాదించి రాజుగారినే ఓడించాడు.

"నన్ను ఓడించడానికి జంకనివాడు ఇంకెవరికి జంకుతాడు?" అన్నాడు రాజు.

ఈ మాటకు సభలో అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నవాడు ఆస్థాన పండితుడు గజానన భట్టు. పీఠం తన బావమరిదికే వస్తుందని ఆయన నమ్మకం. ఆ బావమరిది న్యాయాధికారి పెట్టుకునే జరీకుళ్లాయి కూడా కుట్టించేసుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

నల్లమడుగులో ఒక ఆచారం ఉంది. పీఠానికి ఎవరి పేరు అనుకున్నా, అతని మీద నిండుసభలో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. దానికి అతను తన నోటితో జవాబు చెప్పుకోకూడదు. తన్ను తాను పొగుడుకునేవాడు తీర్పు చెప్పడానికి పనికిరాడని పెద్దలు పెట్టిన నియమం. తన తరఫున మాట్లాడేందుకు సభలో ఒకరిని కోరుకోవాలి. అతను కోరినవారు కాదనకూడదు. అభ్యంతరం నిలిచిందో, పీఠం సంగతి సరే, వకీలు పని కూడా జన్మలో చేయకూడదు.

ఇరవై అయిదేళ్లుగా ఆ పనే తిప్పన్నకు కూడు పెడుతోంది. మరో విద్య రాదు. పీఠం కావాలని తను అడిగిందీ లేదు. రాజుగారి అభిమానం పుణ్యమా అని ఉన్నది కాస్తా ఊడేలా ఉంది. అతనికి నిజంగానే భయం వేసింది.

భట్టు లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు.

"ప్రభూ, వాదనలో నేను ఇంతవరకు ఓటమి ఎరగను. కాబట్టి నా మాట కాస్త శ్రద్ధగా వినాలి. ఎద్దు చేను మేస్తే తప్పు ఎద్దుగలవాడిదే అని ఈ తిప్పన్న నిరుడు వాదించాడు. కంచె వేయని చేనుగలవాడిదే తప్పని ఈ ఏడు వాదించాడు. ఒకే నోటితో రెండు మాటలు పలికేవాడికి సొంత నీతి ఏముంటుంది?"

సభ తలూపింది. లేఖకుడు అభ్యంతరం రాసుకున్నాడు.

"తిప్పన్నా, నీ తరఫున ఎవరు మాట్లాడతారు?" అని రాజు అడిగాడు.

తిప్పన్న సభంతా కలయజూశాడు. తర్వాత చేతులు జోడించాడు.

"ఓటమి ఎరగనివారు ఎదురుగా ఉండగా ఇంకొకరెందుకు ప్రభూ? గజానన భట్టుగారే మాట్లాడాలి."

భట్టు తను తీసిన గోతిలో తనే పడ్డాడు. కాదనడానికి ఆచారం ఒప్పదు. సరే, ఏదో నాలుగు ముక్కలు గొణిగి ఓడిపోదామనుకుని లేచాడు.

"తిప్పన్న... మంచివాడే. పెద్దగా చెడ్డవాడేమీ కాదు..."

రాజు ఆవులించాడు. వెనక వరసలో ఎవరో మెల్లగా అన్నారు.

"పాపం, భట్టుగారికి వయసు మీదపడింది. మునుపటి పస లేదు."

అంతే. భట్టు ముఖం ఎర్రబడింది. తిట్టినా ఓర్చుకునేవాడేమో గానీ, జాలిపడితే మాత్రం ఆయన ఓర్చుకోలేడు.

"పస లేదా? వినండి! నిరుటి ఎద్దు తాడు కట్టని ఎద్దు. ఈ ఏటిది కట్టు తెంచుకున్న ఎద్దు. రెండు తగవులూ ఒకటెలా అవుతాయి? వకీలనేవాడు నోరులేనివాడికి నోరవుతాడు. ఇవాళ ఎద్దుగలవాడి గోడు విన్నాడు, రేపు చేనుగలవాడి గోడు వింటాడు. ఇద్దరి గోడూ విన్నవాడికి కాక, ఒక్కడి గోడూ విననివాడికి ఇస్తారా పీఠం?"

సభ మారుమోగింది. తన తరఫున ఇంత బాగా తనే వాదించుకోలేనని తిప్పన్నకు అనిపించింది. భట్టు చెమట తుడుచుకుంటూ గర్వంగా కూర్చున్నాడు. కూర్చున్నాక గానీ తను చేసిన పని ఆయనకు తెలిసిరాలేదు.

రాజు మీసాల చాటున నవ్వుకున్నాడు.

"భట్టుగారూ, ఇందాక ఒకలా చెప్పారు, ఇప్పుడు ఇంకొకలా చెప్పారు. మీ సొంత నీతి ఏది?"

భట్టు తడబడ్డాడు. "ప్రభూ, అది... ఇందాక అభ్యంతరం చెప్పడం నా ధర్మం. ఇప్పుడు నన్ను నమ్మినవాడి కోసం మాట్లాడటం నా ధర్మం. రెండూ మనస్ఫూర్తిగానే చేశాను."

"వాదన ముగిసింది. తిప్పన్నా, ఇక నువ్వు నోరు విప్పవచ్చు" అన్నాడు రాజు.

తిప్పన్న వినయంగా వంగాడు.

"నేను ఇరవై అయిదేళ్లుగా చేస్తున్న నేరమూ అదే ప్రభూ."

సభంతా ఘొల్లుమంది. నవ్వి నవ్వి రాజుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అభ్యంతరం అక్కడికక్కడే కొట్టేసి, తన భుజాన ఉన్న శాలువా తీసి తిప్పన్నకు ఇవ్వబోయాడు.

"అది భట్టుగారికి కప్పించండి ప్రభూ. దావా గెలిచింది ఆయన" అన్నాడు తిప్పన్న.

శాలువా కప్పించుకుని భట్టు బిక్కచచ్చి నిలబడ్డాడు. రాజు దర్జీని పిలిచి, న్యాయాధికారి కుళ్లాయి ఎన్నాళ్లకు తయారవుతుందని అడిగాడు.

దర్జీ భట్టుగారి బావమరిది వైపు చూశాడు.

"తయారుగానే ఉంది ప్రభూ. వారి చంకలోని మూటలో."