ఏకాదశి నాటి అరటిపండు అప్పాలు

రంగపతి మహారాజు కొలువుకు తయారవుతూ బంగారు మొలపట్టీ చుట్టుకున్నాడు. ఎంత ఊపిరి బిగబట్టినా రెండు కొసలూ కలవలేదు. ఆయనకు ఒళ్ళు మండింది.

"నా పొట్ట ఇలా పెరగడానికి కారకులెవరో ఇప్పుడే తేలాలి!" అన్నాడు సభలోకి వస్తూనే.

కారణం అందరికీ తెలిసిందే. పూటకో పళ్ళెం అరటిపండు అప్పాలు. చిదిమిన పండులో గోధుమపిండి, బెల్లం కలిపి నేతిలో వేయిస్తారు. "పండు కలిసిందంతా పండే ప్రభూ! ఎంత తింటే అంత బలం" అంటూ వాటిని అలవాటు చేసింది ఆస్థాన వైద్యుడు సోమయాజులు. కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

వైద్యుడు మాత్రం తడుముకోలేదు.

"తప్పు వంటమనిషిది ప్రభూ. పండు సరిగ్గా కలపడం లేదు."

"అయితే అచ్చమ్మను పనిలోంచి తీసేయండి!"

ముసలి అచ్చమ్మ పరుగున వచ్చింది. "ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు బాబూ?" అని భోరుమంది.

రాజుగారికి తాంబూలం అందించే పేరయ్య ముందుకొచ్చాడు. "రేపొక్క పళ్ళెం వైద్యులవారు చెప్పినట్టే చేయించి తెస్తాను ప్రభూ. ఆపైన మీ చిత్తం."

రాజు సరేనన్నాడు.

మర్నాడు ఏకాదశి. ఆ రోజు సోమయాజులు పండు తప్ప మరేదీ నోట పెట్టడు. ఆ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఉంటే ఆయనే పిలిచి చెబుతాడు.

పేరయ్య పొగలు కక్కే అప్పాలు తెచ్చి వైద్యుడి ముందు పెట్టాడు.

"రెట్టింపు పండు వేయించానండీ. ఇప్పుడు సరిపోయిందా?"

వైద్యుడు వాసన చూశాడు. "ఆహా! ఇది అచ్చంగా పండే!" అన్నాడు రాజుకేసి చూస్తూ.

"అయితే కానివ్వండి. పొద్దుటినుంచీ ఉపవాసం ఉన్నారు" అన్నాడు పేరయ్య.

సోమయాజులు చటుక్కున వెనక్కి జరిగాడు. "నారాయణ! నారాయణ! ఏకాదశి పూట పిండివంట తింటానా?"

పేరయ్య చేతులు కట్టుకున్నాడు.

"ప్రభువుల నోట్లో పండయ్యేది, తమరి నోటిదాకా వచ్చేసరికి పిండివంట ఎలా అయిందండీ?"

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. పట్టుకోవడానికి బోలెడంత ఉంది మరి.

"అచ్చమ్మ పని అచ్చమ్మదే. అప్పాలు ఇక పండగలకే. వైద్యులవారు రోజూ నాతోపాటు కోట చుట్టూ నడుస్తారు. పేరయ్యా, ఈ బంగారు మొలపట్టీ నీదిరా!"

"దాచుకోండి ప్రభూ, మళ్ళీ మీకే పడుతుంది. నాకు ఆ పళ్ళెం ఇప్పించండి చాలు. నేను ఏకాదశి ఉండను."