ఓబక్క కనుమ

అన్యాయం జరిగింది ఓబక్కకి. ఎప్పుడంటే, కొండలకి పేర్లుండి కనుమలకి పేర్లు లేని కాలంలో. అప్పుడు రాజెవరని అడగొద్దు. రాజుల పేర్లు చెప్పడానికి వేరే మనుషులున్నారు, విందు తిని మరీ చెబుతారు. ఇది గొర్రెలు కాసుకునే ఓబక్క కథ. కూర్చున్నవాళ్ళు కూర్చోండి, నిలబడ్డవాళ్ళు నిలబడండి, మధ్యలో మాత్రం లేచిపోవద్దు.

ఎర్రకొండకీ నల్లకొండకీ మధ్య మనిషి నడిచేంత సందు. దాన్నే కనుమ అంటాం. కనుమ నెత్తిన ఒక నీటి ఊట. ఊట పక్కన ఒక గుడిసె. గుడిసెలో ఓబక్క. మొగుడు చలిజ్వరంతో పోయాడు. కన్నబిడ్డ పురుడు తీరకముందే పోయింది. మిగిలింది మంద. ఓబక్క మందతో మాట్లాడేది. మంద తల ఊపేది, అయితే అది ఈగల్ని తోలుకోవడానికి.

బిడ్డని పూడ్చిన వారంలోనే, ఒక పొద్దున గొర్రెల్ని తోలుకుని దిగుతుంటే బండ మీద కంబళి మూట కనపడింది. మూట కదిలింది. విప్పి చూస్తే మగపిల్లాడు. కింద ఏదో ఊరిని దోచుకున్నారు, ఊరివాళ్ళు ఈ దారినే పారిపోయారు. ఆ పరుగులో ఏ తల్లి దించిందో, ఏ చేతిలోంచి జారాడో.

ఓబక్క ఎత్తుకుంది. రొమ్ముకి ఆనించుకుంది. పాలు రాలేదు. రొమ్ములు రాళ్ళలా గట్టిపడి నొప్పి పెడుతున్నాయి, లోపల పాలున్నాయి, అయినా రాలేదు. వేరే బిడ్డ అని ఒళ్ళు ఒప్పుకోలేదు.

గొర్రెల్లోనూ అంతే. పిల్ల చచ్చిన గొర్రె ఇంకో పిల్లని దగ్గరికి రానివ్వదు, తన్నిపారేస్తుంది. అప్పుడు కాపరి చచ్చిన పిల్ల తోలు వొలిచి, తల్లి లేని పిల్ల మీద కప్పుతాడు. గొర్రె వాసన చూస్తుంది. తన పిల్లే అనుకుని పాలిస్తుంది. ఓబక్క ఎన్ని గొర్రెల్ని అలా మోసం చేసిందో. ఆ రోజు గుడిసెలోకి పోయి, పోయిన బిడ్డకి చుట్టిన పాత కోక ముక్క తీసింది. పిల్లాడికి చుట్టింది. కళ్ళు మూసుకుని వాసన చూసింది.

పాలు వచ్చాయి.

"తెలిసే మోసపోతాండా నాయనా. తాగు," అంది.

కంబళిలో దొరికాడు కాబట్టి కంబన్న అని పిలుచుకుంది.

కంబన్న పెరిగాడు. పొట్టేళ్ళతో తలపడి ఆడాడు. మంద మీదికొచ్చిన దొంగల్ని వడిసెల రాళ్ళతో తరిమాడు. తర్వాత ఊళ్ళ మీదికొచ్చిన దొంగల్నీ తరిమాడు. జనం వెనక చేరారు. కొండ కింద కోట కట్టుకున్నాడు, పాళెం ఏర్పడింది, కంబన్న కాస్తా కంబన నాయకుడయ్యాడు. తలపాగా పెద్దదయింది. కొండెక్కి రావడం తగ్గింది.

ఒక మధ్యాహ్నం గుర్రం దిగి, ఒంటరిగా నడిచి కనుమెక్కాడు. ఓబక్క అంబలి పోసింది. గటగటా తాగాడు.

"అమ్మా, పడమటి దొరలు పిల్లనిస్తామంటాండారు."

"ఇస్తే తెచ్చుకో. నన్నడిగేదేముంది?"

"నీ తల్లెవరని అడుగుతాండారు."

"నేనే గదా."

కంబన్న నేల చూపులు చూశాడు. "సింగన భట్టు పాట కట్టినాడు. నేను అడవిలో పులిపాలు తాగి పెరిగినానని ఉంటుంది దాంట్లో. నువ్వు అడ్డం చెప్పొద్దు."

"పాలంటే ఇచ్చిందనుకుందాం. నీ ముడ్డి కూడా పులే కడిగిందంటావా?"

"అమ్మా."

"జ్వరమొస్తే భుజాన వేసుకుని ఈ రాళ్ళలో తిరిగింది గూడా అదేనా? మంచి పులి. దొరికితే నా దగ్గరికి పంపు, మందని కాస్తుంది."

"ఎగతాళి చేయొద్దు. గొర్రెలు కాసే మనిషి బిడ్డంటే వాళ్ళు నాతో పంక్తిలో కూర్చోరు. నా పట్టం గట్టిపడనీ. ఆ మీదట అందరి ముందరా నిన్ను అమ్మా అని పిలుస్తా."

"ఒట్టు?"

"ఒట్టు."

అదొక్కటే కావాలి ఓబక్కకి. మేడ అడగలేదు, పట్టుచీర అడగలేదు. పదిమంది ముందర ఒక్కసారి అమ్మా అనాలి. పుట్టిన బిడ్డ ఆ మాట అనకుండానే పోయింది, పెరిగినవాడైనా గట్టిగా అంటే వినాలని ఆశ. సరేనంది. సరే అనడం ఎంత చెడ్డ అలవాటో ఆడదానికి చెప్పేవాళ్ళు ఆ కాలంలోనూ లేరు.

కంబన్నకి పట్టం కట్టారు. ఓబక్క ఉతికిన కోక కట్టుకుని కిందికి దిగి జనంలో నిలబడింది. సింగన భట్టు తాళం పట్టుకుని పాడాడు. అడవి మధ్య బండ మీద పసివాడు, పులి వచ్చింది, చేపింది, పాలిచ్చింది. జనం చేతులు జోడించారు. కంబన్న సింహాసనం మీంచి జనాన్ని చూశాడు. ఓబక్క మీద చూపు ఆగింది, పక్కకి పోయింది. ఓబక్క కనుమెక్కి ఇంటికి పోయింది.

కంబన్నకి పెళ్ళయింది. ఓబక్క మళ్ళీ దిగింది. పాట పొడుగైంది. పులికి గుహ వచ్చింది, గుహ ఉన్న చోటికి పేరొచ్చింది. ఎర్రకొండకీ నల్లకొండకీ మధ్య సందు పులి కనుమ అని సింగన భట్టు పాడాడు. పేరు లేని కనుమకి పెట్టిన మొదటి పేరు అదే. అక్కడుండే మనిషి జనంలో నిలబడి తన ఇంటికి పులి పేరు పెడుతుంటే వింది. ఓబక్క కనుమెక్కి ఇంటికి పోయింది.

కంబన్నకి కొడుకు పుట్టాడు. పేరు పెట్టే రోజున ఓబక్క మూడోసారి దిగింది. ఈసారి పాటలోకి ఒక దొంగ ఆడకాపరి వచ్చింది. గొర్రెల మందలోంచి వచ్చి, బండ మీది పసివాణ్ణి కంబళితో సహా ఎత్తుకుపోబోయిందట. పులి పంజా విసిరి తరిమిందట. కథలో పులి ఒక్కటే ఉంటే రక్తి కట్టడం లేదని కలిపాడు భట్టు. జనం పగలబడి నవ్వారు.

ఓబక్క పక్కనున్నామె ముక్కు చీదింది. "ఆ ముదనష్టపుదాన్ని పులి తినేసుంటే పీడా పోయేది."

"తినలేదమ్మా," అంది ఓబక్క. "ఇంకా బతికే ఉండాది."

"నీకెట్ల తెలుసు?"

"మా కొండ మీదే ఉంటుంది."

కంబన్న ఓబక్కని చూశాడు. ఈసారి తల వంచుకున్నాడు, పిలవలేదు. ఓబక్క కనుమెక్కి ఇంటికి పోయింది.

ఆ పాట ఇంకో పని చేసింది. ఆ పని భట్టుకీ తెలియదు, కంబన్నకీ తెలియదు.

అంతకుముందు కనుమ గుండా మనుషులు నడిచేవాళ్ళు. ఎద్దుల మీద ఉప్పు తోలుకుపోయేవాళ్ళు, గాజుల మలారం భుజానేసుకున్న ఆడవాళ్ళు, పుట్టింటికి పోయే కూతుళ్ళు. అందరూ ఊట దగ్గర ఆగేవాళ్ళు. ఓబక్క కుండల్లో నీళ్ళు పట్టి ఉంచేది, అంబలి కాచి ఉంచేది. వాళ్ళు తాగి, ఇంత ఊరి కబురు చెప్పి పోయేవాళ్ళు. ఏ ఊళ్ళో ఎవరికి పెళ్ళి, ఎవరి కోడలు అత్తని తిట్టింది, ఎక్కడ వాన పడింది. ఆ కబుర్లే ఆమెకి చుట్టాలు.

పాట ఊరూరూ తిరిగింది. పులి కనుమ అనగానే జనం దారి మార్చుకున్నారు. కొండ చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టారు. కొండ మీద పులి లేదు, ఎన్నడూ లేదు. ఉన్నది పాటలో. కళ్ళతో చూసిన పులికంటే చెవులతో విన్న పులికే మనిషి ఎక్కువ వణుకుతాడు.

ఉప్పు ఎద్దులు రాలేదు. గాజులామె రాలేదు. ఓబక్క రోజూ కుండలు నింపేది. రోజూ అంబలి కాచేది, సాయంత్రానికి గొర్రెలకి పోసేది. గాలికి ఎండుటాకు కదిలినా లేచి నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది. ఒకసారి దారి మలుపులో నిలబడి, "పులి లేదయ్యా, రండి. నేనే ఉండేది," అని కిందికి కేకేసింది. చాలా కింద ఎవరో నడుస్తున్నవాళ్ళు ఆ కేక విని, పులి గాండ్రించిందని పరుగెత్తారు.

ఆ తర్వాత ఆమె కేకేయలేదు.

ఇక్కడ ఓబక్కని వదిలి మనం కిందికి దిగాలి. అందరూ వదిలినట్టే మనమూ కాసేపు వదులుదాం.

వానాకాలం. తూర్పు పాళెగాడు కంబన్న కోట మీద పడ్డాడు. గడ్డివాములు తగలబెట్టాడు, గోడ పడగొట్టాడు. తప్పించుకోవడానికి మిగిలింది కనుమ ఒక్కటే. శత్రువులు అక్కడ కాపలా పెట్టలేదు. వాళ్ళూ పాట విన్నవాళ్ళే.

కంబన్న ఉన్న జనాన్నంతా వెంటబెట్టుకుని కనుమ మొదట్లోకి వచ్చాడు. జనం అక్కడ ఆగిపోయారు. చంకలో పిల్లలు, నెత్తిన మూటలు, పైన వాన. అడుగు కదపలేదు.

"పైన పులి లేదు. నడవండి," అన్నాడు కంబన్న. ఎవరూ కదల్లేదు.

"ఉన్నా నేను ముందుంటా. నా వెనక రండి." ఎవరూ కదల్లేదు.

కుమ్మరి నాగి ముందుకొచ్చింది. ఇద్దరు పిల్లలు ఆమె కొంగు పట్టుకుని ఉన్నారు. "నువ్వు దాని బిడ్డవి నాయకా. నిన్ను నాకి ముద్దు చేస్తుంది. నా పిల్లలు దానికేమవుతారు? వెనక కత్తికైతే ఒక్క దెబ్బతో పోతాం. మేం రాం."

కంబన్న సింగన భట్టు వైపు చూశాడు. భట్టు వానలో తడిసి, తాళాలు చంకలో దాచుకుని, కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. వెనక పొగ దగ్గరపడుతోంది.

"నేను పులిపాలు తాగలేదు," అన్నాడు కంబన్న. "పైన ఉండేది ఆడమనిషి. పేరు ఓబక్క. గొర్రెలు కాస్తుంది. నాకు పాలిచ్చింది ఆమె. ఆమే మా అమ్మ."

జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. నాగి మాత్రం మాట ఊరికే నమ్మే మనిషి కాదు.

"అయితే పిలువు. తల్లయితే పలుకుతుంది గదా."

కంబన్న తలపాగా తీసేశాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అందరి ముందరా, గొంతు చించుకుని, అమ్మా అని పిలిచాడు. రెండు కొండలూ అన్నాయి ఆ మాట. పైనుంచి ఎవరూ పలకలేదు.

"వానలో వినపడి ఉండదు," అన్నాడు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ వినపడి ఉండదన్నాడు. మూడోసారి పిలిచేసరికి గొంతు పూడిపోయింది. నాగి అతని ముఖం చూసింది. అబద్ధం చెప్పే ముఖం అలా ఉండదు. పిల్లల చేతులు పట్టుకుని ముందు నడిచింది, తన గొంతుతో పిలిచింది.

"ఓబక్కా, వస్తాండాం."

ఆమె వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక ఇంకొకరు. భయం పోవడానికి ఒకరు, దారి తెలియడానికి ఒకరు, ఆమె భయపడకూడదని ఒకరు. కనుమంతా ఆ పేరే. బతికినన్నాళ్ళు ఒక్క పిలుపు కోసం చెవులు రిక్కించిన మనిషిని, ఊరంతా కలిసి పిలుచుకుంటూ ఎక్కింది.

గుడిసె గుంజకి ఆనుకుని, దారి వైపు ముఖం పెట్టి, ఓబక్క కూర్చుని ఉంది. ప్రాణం ఎప్పుడో పోయింది. గొర్రెలు చుట్టూ పడుకుని ఉన్నాయి. కుండల్లో నీళ్ళు అంచుల దాకా ఉన్నాయి, వాన నింపిందో ఆమె నింపిందో తెలియదు. నాగి పిల్లలు వాటిలోనే ముంచుకుని తాగారు.

కంబన్న ఆమె పక్కన కూర్చుని, ఆ చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు.

పులికి భయపడి శత్రువులు కనుమ ఎక్కలేదు. ఆమెని అక్కడే పూడ్చారు. పెద్దలకి పెట్టుకోవాలంటే కొడుక్కి తల్లి పోయిన తిథి తెలియాలి. ఏ రోజు పోయిందని కంబన్న అందరినీ అడిగాడు. ఎవరు చెబుతారు? చూసిన మనిషి లేడు. చూసిన గొర్రెలు చెప్పలేవు.

"తిథి తెలియనివాళ్ళకి అమావాస్య నాడు పెట్టుకోవచ్చు నాయకా," అన్నాడు సింగన భట్టు, మెల్లగా.

"దిక్కులేని వాళ్ళకి పెట్టే రోజు మా అమ్మకి వద్దు," అన్నాడు కంబన్న. "నేను పిలిచిన రోజు తెలుసు గదా. ఆ రోజే పెడతా."

భట్ల పాటల్లో ఇప్పటికీ అది పులి కనుమే. వాళ్ళు కుదురుగా చాప మీద కూర్చుని పాడతారు. నడిచేవాళ్ళకి మాత్రం అది ఓబక్క కనుమ. కనుమ మొదట్లో ఎవరైనా సరే ఆగుతారు, బరువులు దించుతారు, "ఓబక్కా, వస్తాండాం" అని పిలుస్తారు. పిలిచి, ఒక గుక్క నీళ్ళు తాగేంత సేపు పలుకు కోసం ఆగుతారు. ఆగకుండా పోయినవాణ్ణి పెద్దవాళ్ళు వెనక్కి రప్పిస్తారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తల్లి పిలిస్తే పలకని కొడుకుని ఏమీ తిట్టరు, కనుమ మొదటికి తీసుకుపోయి పిలిపిస్తారు.

ఊట పక్కన కంబన్న నాటించిన రాయి ఉంది. దాని మీద అతని బిరుదులు లేవు, పులి బొమ్మ లేదు, ఏ ఏడో కూడా లేదు. ఆమె పేరు, కింద అతను పిలిచిన రోజు: ఆషాఢ బహుళ తదియ.