పండుగప్ప కొండయ్య తల్లయిన కథ

ఒకప్పుడు పండుగప్ప చేపల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ సరిసమానంగా పుట్టేవారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కలిసే ఆడుకునేవారు.

ఆ ఒడ్డున ఉన్న పల్లెవాళ్లకు ఒక ఆచారం ఉండేది. కడుపుతో ఉన్న కోడలికి చేప కడుపులోని గుడ్లు, అంటే జన, కూర వండి పెట్టాలి. అందుకని ఆ పల్లెలో చేపలు పట్టే పోలమ్మ వల లాగగానే ఒక్కో చేప పొట్టా నొక్కి చూసేది. జన ఉంటే బుట్టలోకి, లేకపోతే నీళ్లలోకి. ఆ రోజుల్లో చేపలకేం కొదవ!

కొండయ్య అనే మగ పండుగప్ప అలా ఎన్నోసార్లు నీళ్లలో పడ్డాడు. పడ్డ ప్రతిసారీ తోక ఎగరేసి కోతలు కోసేవాడు.

"చూశారా! నన్ను చూసి హడలిపోయి వదిలేశారు!"

"చాల్లేరా, నీ గొప్పలూ నువ్వూ," అని నవ్వేది అక్క సింగారి.

ఒకరోజు అక్కా తమ్ముడూ ఒకే వలలో పడ్డారు. పోలమ్మ సింగారి పొట్ట నొక్కింది.

"ఓలమ్మా, నిండా జనే! మా కోడలి అదురుష్టం," అంటూ బుట్టలో వేసింది. తర్వాత కొండయ్య పొట్ట నొక్కి మూతి విరిచింది. "ఇది మగది. దేనికీ పనికిరాదు."

కొండయ్య దబ్బున నీళ్లలో పడ్డాడు. ఈసారి కోతలు రాలేదు. మొగంతా వెతికాడు. ఆడ పండుగప్ప ఒక్కటీ మిగల్లేదు. వాడికి ఏడుపొచ్చింది.

నేరుగా సముద్రంలోని గంగమ్మ దగ్గరికి పోయాడు. "అమ్మా, మా జాతి మాతోనే ఆఖరా?"

"ఆడపిల్లల్ని మళ్లీ ఇస్తాను. ఏం లాభం? చిన్నవాళ్లు వలకు చిక్కుతారు, పోలమ్మ బుట్ట నిండుతుంది," అంది గంగమ్మ.

కొండయ్య ఆలోచించాడు. "మగవాళ్లను వదిలేస్తున్నారు కదమ్మా. అందరం మగవాళ్లుగానే పెరుగుతాం. వల తెంపే బలం వచ్చాక తల్లులమవుతాం."

"మరి ముందుగా ఎవరు? ఇక మగాణ్ణని కోతలు కోయడానికి ఉండదు నాయనా."

"నేనే అవుతాను. మా అక్క గుడ్లు పెట్టకుండానే పోయింది," అన్నాడు కొండయ్య.

ఏళ్లు గడిచాయి. కొండయ్య మనిషంత పెరిగాడు. ఒక వానాకాలం కడుపు నిండా గుడ్లతో మొగకు వచ్చాడు, కాదు, వచ్చింది. పోలమ్మ వల పడింది. ఒక్క గుంజు గుంజితే వల పర్రున చిరిగింది.

పోలమ్మ చేతిలో తాడు మాత్రం మిగిలింది. "ఓలమ్మా, ఎంత పెద్ద తల్లే!" అని నోరు తెరిచింది.

ఆ తల్లి తాపీగా పోయి, సింగారి వలలో పడ్డ చోటే గుడ్లు పెట్టింది.

అప్పటినుంచే పండుగప్పలు మగవిగా పెరిగి, పెద్దయ్యాక తల్లులవుతాయి. వలలో పడ్డ చిన్నవాటిని ఎంత నొక్కినా జన దొరకదు. పెద్దది పడిందా, అది ఒకప్పుడు ఎవరికో తమ్ముడే.