ఇసకలో మేకల పిలుపు

సుక్రి చేత ‘ఓ’ అనిపించలేక విరూపయ్య తలప్రాణం తోకకొచ్చింది.

అతను సామాన్యుడేం కాదు. నిద్రలో లేపి అడిగినా వ్యాకరణ సూత్రాలు తడుముకోకుండా అప్పజెప్పగలడు. నాగావళి ఒడ్డున, కొండల మొదట్లో ఉన్న ఆ చిన్న మఠానికి పై చదువు కోసం వచ్చాడు. గురువు నీలకంఠ దేవర అతణ్ణి ఎగాదిగా చూసి, “ముందు ఈ పిల్లలకి ఓనమాలు దిద్దించు. తర్వాత చూద్దాం” అన్నారు. అప్పట్నించీ పాలపళ్ళు ఊడని పిల్లలే అతనికి శిష్యులు. ముక్కు తుడుచుకోవడం రానివాళ్ళకి అక్షరం నేర్పడం పెద్ద విద్యేమీ కాదని అతని అభిప్రాయం.

వసారాలో మెత్తటి ఏటి ఇసక పరిచి, అతను అక్షరం రాసి గొంతెత్తి పలికేవాడు. పిల్లలు దానిమీద వేలు పెట్టి దిద్దుతూ అతని వెనకాలే పలికేవారు. కుమ్మరుల పిల్లలు, బెస్తల పిల్లలు, సంతవీధి పిల్లలు అందరూ అలాగే నేర్చుకున్నారు.

సుక్రి ఒక్కతే నోరు విప్పలేదు. వాళ్ళ నాన్న చింతపండు, అడ్డాకులు మోసుకుని కొండమీది గూడెం నుంచి సంతకి దిగే మనిషి. ఐదేళ్ళ పిల్లని తెచ్చి దేవర ముందు నిలబెట్టి, వచ్చీరాని తెలుగులో, “మా కాడ ఎవులికీ అచ్చరం రాదు బాబూ. ఈ గుంటకి చెప్పండి” అని అప్పగించి వెళ్ళాడు.

ఆ పిల్లకి తెలుగు ముక్క రాదు. విరూపయ్యకి వాళ్ళ మాట ముక్క రాదు, రావాలని అతను అనుకోనూ లేదు. భాష రానివాళ్ళకి గట్టిగా అరిస్తే అర్థమవుతుందని పండితులు కూడా నమ్ముతారు కాబోలు. అతను ఎంత అరిస్తే ఆ పిల్ల అంత ముడుచుకుపోయి, కొండవైపు చూస్తూ కూర్చునేది.

మర్నాడు సంత. తండ్రి వస్తాడు. ఆ పొద్దున విరూపయ్య గురువు దగ్గరికి వెళ్ళాడు.

“స్వామీ, ఆ పిల్లని రేపు వాళ్ళ నాన్నతో పంపించేద్దాం. అక్షరం అంటే ఏమిటో ఆ పిల్లకి తెలియదు. మూగదేమో కూడా.”

“నీకు తెలుసా?” అన్నారు దేవర.

“ఏది స్వామీ?”

“అక్షరం అంటే ఏమిటో.”

విరూపయ్య మొహం వెలిగింది. ఇలాంటి ప్రశ్న కోసమే అతను ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నాడు. ‘నశించనిది’ అన్న వ్యుత్పత్తితో మొదలుపెట్టి, పెద్దలు చెప్పిన నిర్వచనాలన్నీ వరసగా చెప్పుకుపోయాడు. దేవర చివరిదాకా ఓపిగ్గా విన్నారు.

“బాగుంది. పూజకి పూలు లేవు. ఏటి అవతల తోటకి వెళ్ళి కోసుకురా. నువ్వొచ్చేదాకా పిల్లల్ని నేను చూస్తాను.”

విరూపయ్య సజ్జ నిండా పూలతో తిరిగొచ్చేసరికి వసారాలో చడీచప్పుడూ లేదు. దేవర పిల్లల మధ్య ఇసకలో కూర్చుని ఉన్నారు. సుక్రి ఆయన మోకాలికి ఆనుకుని ఉంది. వాళ్ళ ముందు ఇసకలో ఒక వరస అక్షరాలు రాసి ఉన్నాయి.

“చదువు,” అన్నారు దేవర.

విరూపయ్య వంగి చూశాడు. “ఇదేం భాష స్వామీ? దీనికి అర్థం లేదు.”

“అర్థం అడగలేదు. గొంతెత్తి చదువు.”

అతను మొహమాటపడుతూనే చదివాడు. “హిర్రొ హిర్రొ ఓలే. హిర్రొ ఓలే.”

సుక్రి చివాలున లేచింది. అతని వెనక్కి వెళ్ళి చూసింది. అక్కడ ఎవరూ లేరు. వీధి గుమ్మం దాకా పరుగెత్తి అటూ ఇటూ చూసి తిరిగొచ్చింది. అతని నోటివంక చూసింది. ఇసకవంక చూసింది.

“ఇంకోసారి,” అన్నారు దేవర.

అతను మళ్ళీ చదివాడు. ఈసారి సుక్రి మోకాళ్ళమీద కూర్చుని, వంగి, ఆ అక్షరాల పక్కన ఇసకకి చెవి ఆనించింది.

పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. విరూపయ్యకి ఏం జరుగుతోందో అంతుపట్టలేదు. చివరికి కుమ్మరుల పిల్ల గవరమ్మ చెప్పింది.

“మేకొచ్చీసిందయ్యా. మారేడు మొక్క మేసేత్తంటే ఈ సుక్రి కేకేసింది. అది మేత ఒగ్గీసి సుక్రి కాడికొచ్చి నిలబడిపోనాది. మల్లీ అనమని, అది అన్నదంతా దేవరయ్య రాసీసినారు.”

“ఏం కేక అది?”

“ఆళ్ళమ్మదయ్యా. మా అయ్యెంట కొండమీదికి కుండలమ్మడానికెల్లినప్పుడు ఇన్నాను. పొద్దుగూకితే ఆళ్ళమ్మ మేకల్ని ఇలాగే పిలుస్తాది.”

విరూపయ్య చేతిలో సజ్జ అలాగే ఉండిపోయింది. అతను ఆ మేకని చూడలేదు. ఆ తల్లిని ఎన్నడూ చూడలేదు. ఆవిడ ఎక్కడో కొండమీద, పగలల్లా నడిస్తే గానీ చేరలేని చోట ఉంది. అయినా ఆవిడ పిలుపు తన గొంతులోంచి వచ్చింది. కూతురు విని, అమ్మ కోసం వెతుక్కుంది. ఇన్నేళ్ళుగా ఇన్ని గ్రంథాలు తిరగేసిన అతనికి, చదవడమంటే ఇదా అనిపించింది.

మధ్యాహ్నమైంది. ఆ మఠంలో ఇసకలో అక్షరం ఉంచి ఎవరూ లేవరు. ఎవరి కాలైనా పడుతుందని, అరచేత్తో చెరిపి ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటారు. పిల్లలు ఎవరివి వాళ్ళు చెరుపుకున్నారు. సుక్రి మాత్రం తన వరసమీద రెండు చేతులూ కప్పి వంగిపోయింది.

“చెరుపు విరూపయ్యా,” అన్నారు దేవర.

“నా చెయ్యి రావడంలేదు స్వామీ.”

దేవర ఆ చిన్న చేతుల్ని మెల్లగా పక్కకి తీసి, తానే చెరిపేశారు. సుక్రి పెదవులు వణికాయి. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

“ఇప్పుడు నువ్వు రాయి,” అన్నారాయన.

విరూపయ్య రాశాడు. రాసింది చదివాడు. అదే పిలుపు.

సుక్రి ఏడుపు ఆగిపోయింది. కాసేపు కదలకుండా చూసి, తన అరచేత్తో తానే దాన్ని చెరిపేసి అతని మొహంలోకి చూసింది. అతను మళ్ళీ రాసి చదివాడు. మళ్ళీ చెరిపింది. మళ్ళీ రాశాడు. ఎన్నిసార్లు చెరిపినా వాళ్ళమ్మ వస్తూనే ఉంది. ఆ పిల్ల కళ్ళు అంతకంతకీ పెద్దవవుతున్నాయి.

అప్పుడు సుక్రి చెరపడం మానేసింది. మొదటి అక్షరంమీద వేలు పెట్టి, నెమ్మదిగా జరుపుతూ, “హిర్రొ” అంది. ఆ పిల్ల గొంతు విరూపయ్య వినడం అదే మొదలు.

అతను గురువు వైపు తిరిగాడు. “స్వామీ, రేపు వాళ్ళ నాన్నకి ఏం చెప్పమంటారు?”

“ఏం చెప్పినా వాళ్ళ మాటలో చెప్పు,” అన్నారు దేవర పూలసజ్జ అందుకుని లేస్తూ. “రాకపోతే నేర్చుకో. గురువు నీ ఎదురుగానే ఉంది.”

ఆయన లోపలికి వెళ్ళిపోయారు. విరూపయ్య సుక్రి ముందు ఇసకలో కూర్చున్నాడు. సజ్జలోంచి జారిపడ్డ నందివర్ధనం ఒకటి తీసి చూపించి, దీన్నేమంటారన్నట్టు చెయ్యి తిప్పాడు.

ఆ పిల్ల చెప్పింది. అతను పలికాడు. తప్పు పలికాడు కాబోలు, సుక్రి తల అడ్డంగా ఊపి, అతని గడ్డం పట్టుకుని తన నోటివైపు తిప్పుకుని, నిదానంగా మళ్ళీ చెప్పింది.